నీలిమగారి గ్రైండర్, ఓరుగల్లు సేన

శనివారం పొద్దున కాఫీ కప్పుతో వంటింటి కిటికీ దగ్గర నిలబడి త్రినాథ్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ ఏదో ఒక వంక పెట్టుకుని యుగంధర్ ఇంటికి వెళ్ళాలి. అతను సేనను ఎలా సర్దుతాడో కళ్ళారా చూసి రావాలి. బయట, వాళ్ళు వచ్చి స్థిరపడ్డ పరాయి దేశపు ఊరు నేవన్ మీద రోజూ పడే వానే పడుతోంది. తడిగుడ్డ విదిలించినట్టుండే ఆ తుంపరను ఇక్కడెవరూ వాన కింద లెక్కవేయరు.

సేన అంటే నిజం సేన కాదు, ల్యాప్‌టాప్‌లో ఆడే యుద్ధాల ఆట. పాతకాలపు రాజ్యాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఏనుగుల్నీ గుర్రాల్నీ విలుకాళ్ళనూ బల్లేలవాళ్ళనూ దళాలుగా విడదీసి, మైదానంలో ఎవరు ఎక్కడ నిలబడాలో సర్ది, ఆ తరవాత ఎదుటివాడి మీదికి వదలాలి. త్రినాథ్‌ది వరంగల్లు. ఆటలోకి కాకతీయులు వచ్చిన రోజే "వాళ్ళు నాకే" అని పట్టుబట్టి తీసుకున్నాడు. భీమవరం యుగంధర్ మిగిలినవాళ్ళలోంచి గజపతుల్ని తీసుకున్నాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి గజపతులు వచ్చి ఓరుగల్లు కోటను పట్టుకుంటున్నారు. ఒక్క వారమైనా నాగా పెట్టలేదు.

పోనీ ఆటే కదా అని మీరూ నేనూ అనుకుంటాం. త్రినాథ్ అనుకోలేదు. క్లాండాల్కిన్‌లో మాత్రలు చేసే ఒక ఫ్యాక్టరీలో అతను వాలిడేషన్ ఇంజినీరు. మిషను తిరుగుతోందని కళ్ళముందు కనబడుతున్నా ఒప్పుకునే మనిషి కాదు. పరీక్ష పెట్టి, ఫలితం రాసి, సంతకం చేశాకే అతని దృష్టిలో అది తిరిగినట్టు. ఏనుగుల్నీ అదే పద్ధతిలో సర్దేవాడు. ఏ దళానికి ఏ రంగు జెండా, ఏ దళం వెనక ఏది, నేల తడిగా ఉంటే విలుకాళ్ళు ఎటు జరగాలి, అన్నిటికీ ఒక క్రమం ఉంది. ఆ క్రమం సగానికి వచ్చేసరికి పక్కనుంచి గజపతుల గుర్రాలు వచ్చి మీద పడేవి.

ఆ యుగంధర్‌కు ఏం చేసినా కలిసొస్తుంది, అదే త్రినాథ్ బాధ. ఇద్దరూ ఒకే కాలనీలో అద్దెకుంటున్నారు. అతని ఇంటి ముందు పచ్చగడ్డి, ఇతని ఇంటి ముందు నాచు. అతని బిర్యానీని పొగడని తెలుగువాడు ఆ చుట్టుపక్కల లేడు. అన్నిటికీ మించి, పోయిన వారం ఓరుగల్లు కూలిపోతుండగా త్రినాథ్ భార్య సుధేష్ణ వెనకనుంచి తొంగిచూసి, "యుగంధర్‌ను చూడు, ఎంత నిమ్మళంగ ఆడ్తున్నడో" అంది. ఆ ఒక్క మాటకు వారం రోజులుగా కడుపు మండుతూనే ఉంది.

ఆ సుధేష్ణే ఇప్పుడు కోటు వేసుకుంటూ వంటింట్లోకి వచ్చింది. ఆమె సాఫ్ట్‌వేరు ఉద్యోగి. శనివారాలు మాత్రం కూతురు రిషితను కమోగీ ఆటకు తీసుకుపోవడమే ఉద్యోగం. ఆడపిల్లలు పెద్ద పెద్ద కర్రలు పట్టుకుని బంతి వెంట పడే ఆట అది.

"యాదికుందా? ఇయ్యాల ఐదింటి లోపట ఏజెంటుకు చెప్పాలె."

"ఏం చెప్పాలె?"

"ఏం చెప్పాలెనా! కెల్స్ రోడ్డు ఇల్లు! వాళ్ళు అడిగిన ధర మనం ఇస్తమంటే మనకే ఇస్తమన్నరు. ఐదింటిదాక ఏం చెప్పకుంటె వేరేటోళ్ళకు పోతది."

"యాదికుంది. ఇంకో రెండు విషయాలు పోల్చి చూడాలె."

"రెండేండ్ల సంది పోలుస్తనే ఉన్నవ్ త్రినాథ్," అంది సుధేష్ణ. ఆ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ. "నాకు ఆ ఇల్లు కావాలె. పొద్దుగాల వంటింట్లకు ఎండ వస్తది. గంతే."

ఆమె అన్నది నిజమే. చూసిన ఇళ్ళన్నిటికీ అతను ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేసి పెద్ద పట్టిక తయారుచేశాడు. ఒక ఇల్లు పసుపులోంచి ఆకుపచ్చలోకి మారేలోపు దాన్ని ఎవరో ఒకరు కొనేసి పరదాలు కూడా కట్టేసేవారు.

"డాడ్, ఆర్ యు కమిన్ టు ద మ్యాచ్ ఆర్ వాట్?" అంది రిషిత గుమ్మంలోంచి.

"నాకు వేరే మ్యాచ్ ఉంది బిడ్డా."

"యు ఆల్వేస్ లూజ్ దాట్ వన్, లైక్."

"మిక్సీ మొరాయిస్తున్నది," అంది సుధేష్ణ వెళ్తూ వెళ్తూ. "వారానికి సరిపోను మినప్పప్పు నానవోసిన. నీలిమ దగ్గర ఏమన్న ఉంటే అడిగి తెచ్చిపెట్టు."

నీలిమ ఎవరనుకున్నారు? యుగంధర్ భార్య. త్రినాథ్‌కు కావలసిన వంక కాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది. సుధేష్ణ ఉద్దేశంలో "ఏమన్న" అంటే ఒక మిక్సీ జారు. త్రినాథ్ ఇంజినీరు కాబట్టి అంతకన్నా గట్టి యంత్రం మీదికి మనసు పోనిచ్చాడు.

నీలిమకు ఒక రాతి గ్రైండర్ ఉంది. భీమవరం నుంచి ఓడలో వచ్చింది. మెట్ల కింద అల్మారాలో, ఇక్కడివాళ్ళు ప్రెస్ అంటారే అందులో, మూడు ఇడ్లీ పాత్రల పక్కన పాత వెంకటగిరి చీర కప్పుకుని కూర్చుని ఉంటుంది. మామూలు దోసెల పిండికి దాన్ని ఎవరూ అడగరు. సీమంతాలకూ గృహప్రవేశాలకూ వినాయక చవితికీ మాత్రమే అది గడప దాటుతుంది. ఎవరింటికి వెళ్తే ఆ ఇంట్లో శుభకార్యం ఉన్నట్టే లెక్క. ఈ సంగతి నేవన్‌లోని తెలుగు ఆడవాళ్ళందరికీ తెలుసు, దాన్ని మోసే మగవాళ్ళకు తెలుసు. త్రినాథ్‌కు నడుం నొప్పి కాబట్టి అతన్ని ఎన్నడూ ఎవరూ మోయమని అడగలేదు.

"రండన్నయ్యగారూ! ఇంత పొద్దున్నే?" అంటూ నీలిమ తలుపు తీసింది. చేతిలో ఉప్మా గరిటె ఉంది.

"ఏం లేదమ్మా. గ్రైండర్ కావాలె."

గరిటె గాల్లో ఆగిపోయింది. "గ్రైండరాండీ? మా పెద్ద గ్రైండరే?"

"ఆ, అదే. యుగంధర్ ఉన్నడా? పైన ఉన్నడా?"

"శుభకార్యమేమైనా ఉందేంటండీ?"

"గట్లాంటిదేం లేదమ్మా," అంటూనే త్రినాథ్ సగం మెట్లు ఎక్కేశాడు. చూపులు తప్పించి, తడబడి, పైకి పారిపోతూ చెప్పిన ఆ "లేదు"ను నీలిమే కాదు, ఏ ఆడమనిషీ నమ్మదు.

పైన గదిలో యుగంధర్ ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చున్నాడు. త్రినాథ్ లోపల అడుగు పెట్టాడో లేదో టప్పున మూత మూసేశాడు.

"ఏం చూస్తున్నవ్?"

"అబ్బే, ఏం లేదండీ. ఆఫీసు పని."

శనివారం పొద్దున ఆఫీసు పనట! త్రినాథ్‌కు ఇక అనుమానం లేదు. ఆ మూత కింద గజపతుల సేన బారులు తీరి నిలబడి ఉంది. మూత మళ్ళీ తెరుచుకుంటుందేమోనని అతను మంచం అంచు మీద కూర్చుని వాన గురించి మాట్లాడాడు. యుగంధర్ మూత మీద అరచెయ్యి పెట్టుకుని వానకు సమాధానం చెప్పాడు. వాన అయిపోయాక కరెంటు బిల్లుల గురించి మాట్లాడుకున్నారు. మూత మాత్రం తెరుచుకోలేదు.

ఈలోగా కింద ఏం జరిగిందో త్రినాథ్‌కు తరవాత గానీ తెలియలేదు. నీలిమ ఉప్మా స్టవ్ మీదే వదిలేసి లెక్కలు వేసింది. కాలనీ చివర మూలమలుపు ఇల్లు ఒకటి నెల కింద అమ్మకానికి వచ్చింది. దానికోసం యుగంధర్, నీలిమ ఎంతో ఆశపడి ధర చెప్పారు. ఎవరో పేరు తెలియని మనిషి అంతకన్నా పైకి పాడి ఎగరేసుకుపోయాడు. ఆ మనిషి ఎవరా అని నీలిమ అప్పట్నుంచీ నిద్ర లేకుండా ఆలోచిస్తోంది. ఇవాళ ఆ మనిషి తనంతట తానే వచ్చి గ్రైండర్ అడిగాడు! పైగా కన్నెత్తి చూడలేకపోతున్నాడు! ఇల్లు కొన్నది కాక, తమ గ్రైండర్ పట్టుకుపోయి, తమను పిలవకుండా భోజనాలు పెట్టుకుంటారా?

పాపం నీలిమ మర్యాదస్తురాలు. ఒక్క మాట అనకుండా గ్రైండర్ ఇచ్చింది. మోయలేడని తన పిల్లాడిని తిప్పిన పాత తోపుడు బగ్గీలో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, వాన పడకుండా దుప్పటి కూడా కప్పింది. త్రినాథ్ దాన్ని తోసుకుంటూ పోతుంటే పక్క వీధి ముసలావిడ ఆగి, దుప్పటి వంక మురిపెంగా చూసి, "గాడ్ బ్లెస్ హిమ్, వాట్ ఏజ్ ఈజ్ హీ?" అని అడిగింది. త్రినాథ్ మనసంతా ఆ మూత కిందే ఉంది. "ఎయిట్ ఇయర్స్. ఫ్రమ్ భీమవరం," అని ముందుకు సాగిపోయాడు.

ఇంటికి చేరి గ్రైండర్ దింపుతుండగా ఫోన్ మోగింది. అదే కాలనీలో ఉండే గుంటూరు కిరణ్మయి. ఏ వార్తయినా ఆమె చెవిన పడ్డాక ఇంకెవరికీ కొత్తగా చెప్పే పని ఉండదు.

"అన్నయ్యా, ఎంత గుంభనండీ మీకు! ఇల్లు కొని మాకు ఒక్క మాటైనా చెప్పలేదు!"

"ఇల్లా? ఎవరు చెప్పిన్రమ్మా?"

"ఒకరు చెప్పేదేంటి, గ్రైండర్ వీధిలో ఊరేగుతుంటే! మూలమలుపు ఇల్లు పట్టేసింది మీరేనంటగా! అక్కడ యుగంధర్‌గారు ఉప్మా కూడా ముట్టుకోలేదంట. ముఖం మాడ్చుకుని కూర్చున్నారంట."

"లేదమ్మా, మేం ఏ ఇల్లూ కొనలేదు" అన్న మాట త్రినాథ్ నాలుక చివరిదాకా వచ్చింది. అతను అబద్ధాలాడే మనిషి కాదు. ఫ్యాక్టరీలో ఒక్క అంకె తప్పు పడితే తానే చెయ్యెత్తి చెప్పేవాడు. కానీ కిరణ్మయి ఆఖరి వాక్యం చెవిలో తేనెలా దిగింది. యుగంధర్ ముఖం మాడ్చుకున్నాడట! త్రినాథ్ వల్ల మాడ్చుకున్నాడట! ఇన్నాళ్ళూ తను ఒకరిని చూసి కుళ్ళుకోవడమే గానీ, తనను చూసి ఒకరు కుళ్ళుకోవడం అతనికి అనుభవం లేదు. ఆ సుఖం చాలా బాగుంది.

"ఇప్పుడే ఏం చెప్పలేనమ్మా," అన్నాడు త్రినాథ్. కొంప మునిగింది అక్కడే.

అరగంట తిరక్కుండా యుగంధరే వచ్చి తలుపు కొట్టాడు. గొడుగు లేదు, జుట్టంతా తడిసిపోయి ఉంది. "కంగ్రాట్స్ అండీ," అన్నాడు. పెదాలు నవ్వాయి గానీ కళ్ళు నవ్వలేదు. "ఎలా సాధించారండీ బాబూ? ఆర్నెల్ల నుంచి తిరుగుతున్నాం, మా వల్ల కాలేదు. మీ ప్లానేంటో కాస్త చెబుదురూ."

త్రినాథ్ ఎన్నాళ్ళుగానో యుగంధర్‌ను అడగాలనుకున్న ప్రశ్న అదే. అది యుగంధర్ నోట వినబడేసరికి అతని రెండు చేతులూ వాటంతటవే వీపు వెనక్కి వెళ్ళాయి, ఛాతీ ముందుకు వచ్చింది.

"అంతా సర్దుకునుడులోనే ఉంటది, యుగంధర్."

"నిజమేనండీ," అన్నాడు యుగంధర్ దిగులుగా. "సాయంత్రం ఎన్నింటికి రమ్మంటారు మరి?"

త్రినాథ్ బుర్రలో దీపం వెలిగింది. వీడే ఇక్కడికి వస్తే, ఈ సోఫాలో కూర్చుని ఆడితే, సేనను సర్దక తప్పుతుందా? పక్కనుంచి చూడొచ్చు. "నాలుగింటికి రా. ల్యాప్‌టాప్ మరిచిపోకు," అన్నాడు.

ఇల్లు కొన్న రోజున ఇక ఆట ఏముంటుందిలే అనుకున్న యుగంధర్‌కు ల్యాప్‌టాప్ ఎందుకో అర్థం కాలేదు. కొత్త ఇంటి ఫోటోలు పెద్దగా చూపించడానికి కాబోలనుకుని ఇంకాస్త కుంగిపోయాడు. "అలాగేనండీ. అందరికీ నేను చెప్పేస్తాను లెండి."

"అందరికా?" అన్నాడు త్రినాథ్. అప్పటికే యుగంధర్ తల దించుకుని వానలో సగం దూరం వెళ్ళిపోయాడు.

అందరికీ ఫోన్ చేసి ఎలా ఆపాలా అని త్రినాథ్ ఆలోచిస్తుండగా కారు ఆగిన చప్పుడైంది. సుధేష్ణ బూట్లు కూడా విప్పకుండా లోపలికి పరుగెత్తుకొచ్చింది. కోటు తడి, కళ్ళు కూడా తడి. వచ్చి అతని చేతులు రెండూ పట్టుకుంది.

"చెప్పినవా? ఏజెంటుకు చెప్పినవా? గ్రౌండ్ల ప్రతొక్కరు వచ్చి నాకు చెయ్యి కలుపుతున్నరు! నేను నమ్మలే త్రినాథ్! ఏం పోల్చకుంట, ఏం రంగులెయ్యకుంట, నువ్వే చెప్పేసినవా?"

ఆమె ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో త్రినాథ్‌కు గుర్తు రాలేదు.

"సుధా... అది కెల్స్ రోడ్డు ఇల్లు కాదు."

"మరి ఏ ఇల్లు?"

"ఏ ఇల్లూ లేదు. నేను గ్రైండర్ తెచ్చిన."

మొత్తం చెప్పాడు. మూత దగ్గర మొదలుపెట్టి ల్యాప్‌టాప్ మరిచిపోకు అన్నదాకా ఏదీ దాచలేదు. సుధేష్ణ చేతులు మెల్లగా జారిపోయాయి. అరిచినా బాగుండేది.

"అంటే, యుగంధర్ కుళ్ళుకుంటడని కొన్నట్టు నటించినవ్," అంది. "నిజంగ కొనుమంటె మాత్రం రెండేండ్ల సంది కాలు కదపవ్."

త్రినాథ్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "ఇప్పుడే అందరికీ ఫోన్ చేసి నిజం చెప్త," అని ఫోన్ తీశాడు. అంతలో తలుపు గంట మోగింది.

ఈసారి ఇంటి యజమాని పాడ్రిగ్, చేతిలో పూలకుండీతో. అతను త్రినాథ్ పేరు పలకలేక మొదటి రోజునుంచీ ట్రినిటీ అనే పిలుస్తాడు. "ఫెయిర్ ప్లే టు యూ, ట్రినిటీ!" అంటూ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. సంగతేమిటంటే, వీళ్ళు ఖాళీ చేస్తే ఈ ఇల్లు తన తమ్ముడు శౌరికి ఇవ్వమని కిరణ్మయి అప్పుడే ఫోన్ చేసి అడిగిందట. ఆ ఫోన్ అందుకుని పాడ్రిగ్ గుండె మీద బరువు దిగిపోయిందట. ఆస్ట్రేలియాలో ఉన్న కూతురు పిల్లలతో సహా తిరిగి వచ్చేస్తోంది, వాళ్ళకు ఈ ఇల్లు కావాలి, ఇంత మంచివాళ్ళను వెళ్ళమని ఎలా చెప్పాలా అని నెల రోజులుగా ఇంట్లోనే కూర్చుండిపోయాడట.

"నోటీసు పద్ధతి ప్రకారం పంపిస్తాను, తొందరేం లేదు. మీకెలాగూ సొంత ఇల్లు వచ్చేసిందిగా, గ్రాండ్!" అని ఇంగ్లీషులో అంటూ, మనవలు గుర్తొచ్చి చేతి రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. కన్నీళ్ళు పెట్టుకున్న మనిషితో "నేను అబద్ధమాడాను" అని ఎలా చెప్పడం? త్రినాథ్ పూలకుండీ అందుకుని థాంక్స్ చెప్పాడు.

తలుపు మూసుకుంది. "డాడ్," అంది రిషిత మెట్ల మీదినుంచి, "ఆర్ వి హోమ్‌లెస్, లైక్?"

సుధేష్ణ వంటింట్లోకి వెళ్ళి గ్రైండర్ మీది దుప్పటి తీసింది.

"నాలుగింటికి పాతిక మంది వస్తరు. ఇప్పుడు రావొద్దంటె ఇంకింత పరువు పోతది. గీ పప్పుతోని గారెలు తప్ప ఏం కావు. వచ్చినంక వాళ్ళ ముఖం మీదనే నువ్వు నిజం చెప్తవ్. ముందుగాల ఉల్లిగడ్డలు కొయ్యి."

గ్రైండర్ గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది. త్రినాథ్ ఉల్లిపాయలు కోస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిపాయలు ఉండడం మంచిదైంది. మధ్యలో సుధేష్ణ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడింది. ఏడుస్తోంది కాబోలనుకుని అతను అటువైపు చూసే ధైర్యం చేయలేదు.

నాలుగింటికి హాలు నిండిపోయింది. కిరణ్మయి గోడ గడియారం తెచ్చింది. నీలిమ వెండి దీపం తెచ్చి, "మా గ్రైండర్‌కి ముందు పిలుపొచ్చింది, మాకు తరవాత వచ్చింది," అంటూ చేతిలో పెట్టింది. ఆ తరవాత ఒకటే ప్రశ్నలు. వాకిలి ఏ దిక్కుకో, మేడ మీద గదులు ఎన్నో, బ్యాంకువాళ్ళు ఎలా ఒప్పుకున్నారో. అడిగినవాళ్ళందరి ముఖాల్లోనూ యుగంధర్ ముఖంలో ఉన్న రంగే ఉంది. పొద్దున్న తేనెలా ఉన్నది ఇప్పుడు త్రినాథ్‌కు గొంతు దిగడం లేదు. యుగంధర్ మాత్రం సోఫా మూల ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, గారెలు రెండూ ప్లేటులో అలాగే ఉంచుకుని కూర్చున్నాడు.

సుధేష్ణ వంటింటి గుమ్మంలోంచి త్రినాథ్‌ను ఒక చూపు చూసింది. అతను హాలు మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"అందరికీ ఒక మాట చెప్పాలె. నేను ఇల్లు కొనలేదు."

గారెలు నమిలే చప్పుడు ఆగిపోయింది.

"మరి గ్రైండర్ ఎందుకండీ?" అంది నీలిమ.

"యుగంధర్ ఆటల సేనను ఎట్ల సర్దుతడో దొంగచాటుగ చూద్దామని మీ ఇంటికొచ్చిన. ఏదన్న వంక కావాలె కదా, గ్రైండర్ అడిగిన. మీరందరు ఇల్లు కొన్నమనుకున్నరు. యుగంధర్ ముఖం మాడ్చుకున్నడని వింటె నా ప్రాణానికి హాయనిపించింది. అందుకే కాదనలే. ఏమన్నా అనుకోండ్రి, తప్పు నాదే."

కిరణ్మయి చడీచప్పుడు లేకుండా బల్ల మీది గడియారాన్ని తీసి మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

అందరికన్నా ముందు తేరుకున్నది యుగంధర్. "నిజంగా కొనలేదాండీ? ఒట్టు?" అన్నాడు.

"ఒట్టు."

యుగంధర్ ముఖం వికసించింది. ఒక గారె మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. నమలుతూనే, "సేనను నేనేం సర్దుతానండీ," అన్నాడు. "మొదట్లోనే ఒక బటన్ ఉంటుంది కదండీ, దానంతటదే సర్దేసేది? అది నొక్కేస్తాను. ఏనుగులూ గుర్రాలూ వాటి పాటికవి నిలబడతాయి. నేను టీ పెట్టుకుంటాను."

"మరి పొద్దుగాల నన్ను చూసి మూత ఎందుకు మూసినవ్?"

"అవి ఇళ్ళ ఫోటోలండీ. ఇంకో ఇల్లు చూశాం. మీరు చూస్తే మీరూ దానికే పాడతారేమోనని..." యుగంధర్ కాస్త సిగ్గుపడ్డాడు.

"బటన్ నొక్కితె ప్రతిసారి ఎట్ల గెలుస్తవయ్యా?"

"మీరు సర్దుకుంటూ ఉంటారు కదండీ," అన్నాడు యుగంధర్ ఎంతో మామూలుగా. "ఆ టైములో వచ్చేస్తాను."

ఎత్తిపొడుపుగా అన్నా త్రినాథ్‌కు ఇంత గుచ్చుకునేది కాదు. ఓరుగల్లు ఎందుకు కూలుతోందో, చూసిన ఇళ్ళన్నీ ఎందుకు చెయ్యి జారిపోతున్నాయో ఒక్కసారిగా తెలిసింది. ఐదు కావడానికి ఇంకా కొంచెం సమయం ఉంది. అతను పాతిక మంది మధ్యలోంచి దారి చేసుకుంటూ వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

"సుధా, ఏజెంటు నంబర్ ఇయ్యి. ఇప్పుడే చెప్త. ఆ ఇల్లు మనకు కావాలె."

"అక్కర్లేదు," అంది సుధేష్ణ, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "నువ్వు ఉల్లిగడ్డలు కోస్తున్నప్పుడే నేను చెప్పిన. మనకే ఇచ్చిన్రు. కొన్నం."

రెండో గారె యుగంధర్ గొంతులో అడ్డం పడింది. రిషిత అతని వీపు తట్టింది. నీలిమ, "ఏ ఇల్లండీ? ఎక్కడండీ? వాకిలి ఎటండీ?" అని మళ్ళీ మొదటినుంచి అందుకుంది. కిరణ్మయి గడియారాన్ని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, కాస్త తుడిచింది కూడా. త్రినాథ్ భార్యనే చూస్తూ నిలబడ్డాడు. ఏడుస్తోందనుకున్నప్పుడు ఆమె ఇల్లు కొంటోందన్నమాట. కళ్ళు మళ్ళీ తడిశాయి. ఈసారి ఉల్లిపాయల మీద వేయడానికి కూడా లేదు.

"గట్ల చూస్తవేంది?" అంది సుధేష్ణ. నవ్వింది. "పో, నీ ఆట ఆడుకో పో."

అందరూ గుమిగూడి చూస్తుండగా ఆట మొదలైంది. చిత్రం పూర్తిగా తారుమారైంది. యుగంధర్ బటన్ జోలికి పోలేదు. పొద్దున "అంతా సర్దుకునుడులోనే ఉంటది" అన్న మనిషి సాయంత్రానికి నిజంగానే ఇల్లు కొన్నాడాయె. యుగంధర్ పెదవి కొరుక్కుంటూ ఏనుగుల్ని ఎడమకు జరిపాడు, మళ్ళీ కుడికి జరిపాడు, విలుకాళ్ళకు రంగులు వెతికాడు. త్రినాథ్ వేళ్ళ నిండా గారెల నూనె. ఏదీ సర్దే వీల్లేక చిటికెనవేలి కొసతో ఆ మొదటి బటన్ నొక్కి, సేనను వదిలేశాడు. టీ చల్లారేలోపు గజపతులు మైదానం వదిలి పారిపోయారు. ఓరుగల్లు కోట మీద జెండా ఎగిరింది. రిషిత "కమాన్, వరంగల్!" అని అరిచింది.

"ఏం చేశారండీ?" అన్నాడు యుగంధర్ తెర వంక కళ్ళప్పగించి.

"బటన్ నొక్కిన."

"చెప్పడం ఇష్టం లేకపోతే పోన్లెండి," అన్నాడు యుగంధర్ నొచ్చుకుని, ల్యాప్‌టాప్ మూసుకుంటూ.

మర్నాడు ఆదివారం ఇంకా కాఫీ కూడా కాలేదు, గంట మోగింది. త్రినాథ్ తలుపు తీశాడు. గొడుగు లేకుండా తుంపరలో యుగంధర్ నిలబడి ఉన్నాడు. మాట్లాడుతున్నది త్రినాథ్‌తోనే గానీ, చూపు అతని భుజం మీదుగా బల్ల మీది ల్యాప్‌టాప్ వైపు సాగుతోంది.

"ఏం లేదండీ. ఇడ్లీ పాత్ర ఏమైనా ఉంటే ఇస్తారేమోనని..."

వాళ్ళ మెట్ల కింద ప్రెస్సులో ఇడ్లీ పాత్రలు మూడున్నాయి.